సమ్మతి స్వీకార మహోత్సవం

అవయవదానానికి ఇకమీదట ఎవరు సమ్మతించినా ఆ సమ్మతిని తానే స్వయంగా, సభాముఖంగా, స్వహస్తాలతో స్వీకరిస్తానని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించిన సభకు మైకు సెట్టు నాదే. ఈ సంగతి పాఠకులు గమనించాలి. అంతటి ప్రకటన చివరి వరసలో కునికిపాట్లు పడుతున్నవాడికి కూడా ఖణీమని వినపడిందంటే అందులో నా బాక్సుల పాత్ర కొంతైనా ఉంది.

"ఎవరో మహాతల్లి కట్టుకున్నవాణ్ని పోగొట్టుకుని, ఆస్పత్రి వరండాలో నిలబడి, ఒక డాక్టరు చెవిలో 'సరే, తీసుకోండి' అంటుంది. ఆ గొప్ప మాట ఆ వరండాలోనే ఆవిరైపోతోంది," అన్నారు మంత్రిగారు. ఆయన గొంతు వణికింది. నేను ఎకో కాస్త పెంచాను. "ఇకమీదట అలా జరగడానికి వీల్లేదు. ఆ 'సరే' నేను వినాలి. నా ద్వారా ప్రజలు వినాలి. నేను వినని సమ్మతి సమ్మతే కాదు."

వెంటనే చప్పట్లు మోగాయి. అవి వాటంతట అవి మోగేవి కావు. పార్టీలో చప్పట్ల బాబాయి అని ఒకాయన ఉన్నాడు. సభకి నాలుగు మూలలా తన మనుషుల్ని కూర్చోబెట్టి, తాను స్టేజీ పక్కన నిలబడి జేబురుమాలు పైకెత్తుతాడు. రుమాలు లేస్తే చప్పట్లు, దిగితే నిశ్శబ్దం. స్టేజీ మీద ఎవరేం మాట్లాడుతున్నారో ఆయన వినడు. వింటే టైమింగు దెబ్బతింటుందంటాడు. పని తెలిసినవాడి మాట కాబట్టి నేనెప్పుడూ కాదనలేదు.

మంత్రిగారి గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. ఆయన మాట మీద నిలబడే మనిషి. మాట మీద తప్ప మరి దేనిమీదా నిలబడరు. ఆయన శాఖలో ఒక పద్ధతి ఉంది. మంత్రిగారు మైకులో 'చేశాను' అంటే ఆ పని అయిపోయినట్టే రికార్డుకెక్కుతుంది. పోయినేడు ఒక ప్రసూతి వార్డు ప్రారంభించారు. ప్రారంభించే నాటికి అక్కడ పునాది కూడా లేదు. అయినా మర్నాటి నుంచే ఆ వార్డుకి ఊడ్చేవాళ్లని వేశారు. వాళ్లు రోజూ వచ్చి ఆ ఖాళీ స్థలం ఊడ్చి పోతున్నారు. అంత శుభ్రమైన వార్డు నేనింకెక్కడా చూడలేదు.

ఇక నా గొడవ. నాకు ఒక్కగానొక్క చెల్లెలు. స్కూలు వ్యాను నడిపేది. పిల్లలు కిటికీలోంచి చేతులు బయటపెడితే అద్దంలోంచి ఒక్క చూపు చూసేది, అంతే, చేతులన్నీ లోపలికి పోయేవి. అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రిలో మిషను పక్కన పడుకుని రక్తం కడిగించుకుంటోంది. నాది ఇస్తానంటే డాక్టర్లు నా షుగరు రిపోర్టు చూసి, ముందు నీవి కాపాడుకోవయ్యా అన్నారు. బావది కలవలేదు. నీళ్లు గ్లాసుతో కొలుచుకుని తాగాలి. ఎండ మండిపోతుంటే ఐసు ముక్క నాలుక మీద పెట్టుకుని కూర్చుంటుంది. కిడ్నీ దొరికితే ముందేం చేస్తావే అంటే, "చెంబెడు నీళ్లు గటగటా తాగేస్తానన్నయ్యా" అంటుంది. లిస్టులో పేరు రాయించి కాచుకు కూర్చున్నాం. ఎవరో పోవాలని కోరుకోకుండా, ఎవరైనా ఇస్తే బాగుండునని కోరుకోవడం ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే ఆస్పత్రి నుంచి చెల్లెలికి ఫోనొచ్చింది. కిడ్నీ కలిసేలా ఉంది, ఏమీ తినకుండా వచ్చేయమన్నారు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుండగానే నాకూ ఫోనొచ్చింది. మంత్రిగారి పి.ఏ.

"మైకు సెట్టు వేసుకుని ఆస్పత్రికి వచ్చేయ్. సమ్మతి దొరికేలా ఉంది. మొట్టమొదటిది. మంత్రిగారు స్వీకరిస్తారు."

రెండూ రెండూ కలిపితే నాలుగని తెలియడానికి చదువుకోనక్కర్లేదు. ఒక చేత్తో చెల్లెలి సంచి, ఇంకో చేత్తో ఆంప్లిఫయరు పట్టుకుని మైకు వ్యానెక్కాను.

ఆ ఇచ్చే మనిషి లిఫ్టు మెకానిక్. పనిలో ఉండగా పైనుంచి పడ్డాడు. మెదడు పూర్తిగా చనిపోయిందని డాక్టర్లు పరీక్షల మీద పరీక్షలు చేసి తేల్చారు. గుండె ఒక్కటే మిషను సాయంతో కొట్టుకుంటోంది. అతని భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. చెల్లెలికి వైద్యం చేసే డాక్టరమ్మే ఆవిడ పక్కన కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. ఒత్తిడేం లేదు, వద్దనుకుంటే వద్దనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరంది.

ఇస్త్రీ ఆవిడ అంది: "మా ఆయన పాత లిఫ్టు పీకితే ఒక్క నట్టు కూడా పారెయ్యనిచ్చేవాడు కాదండి. ఇంకో దాంట్లో పనికొస్తుందనేవాడు. తీసుకోండి."

వరండాలో స్పీకర్ల తీగ లాగుతూ ఆ మాట నేను విన్నాను. దణ్ణం పెడదామంటే రెండు చేతుల్లోనూ వైర్లే.

డాక్టరమ్మ సూపరింటెండెంటు గదిలోకి పరుగెత్తింది. నేను ఆ గది కిటికీలోంచే కరెంటు తీసుకుంటున్నాను కాబట్టి అక్కడ జరిగిందంతా పాఠకులకు ఉన్నదున్నట్టు అందించగలుగుతున్నాను.

"సార్, ఆవిడ ఒప్పుకుంది. థియేటరు రెడీ చేయిస్తున్నాను."

"ఎవరితో ఒప్పుకుంది?"

"నాతో."

"మీరు మంత్రా?"

"కాదు సార్."

"మరి ఒప్పుకున్నట్టెలా అవుతుంది?"

"చట్టప్రకారం భార్య సంతకం చాలు సార్. పెట్టేసింది కూడా."

"చట్టం చాలంటోందమ్మా. మంత్రిగారు చాలనలేదు. రేపు నన్ను ట్రాన్స్‌ఫర్ చేసేది చట్టం కాదు కదా."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా. సూపరింటెండెంటు చెడ్డవాడేం కాదు. ఆయనకిద్దరు ఆడపిల్లలు కాలేజీలో చదువుతున్నారు, ఈ ఊళ్లోనే. ట్రాన్స్‌ఫరంటే ఆయన గుండె మిషను పెట్టినా ఆగిపోతుంది.

ఈలోగా పి.ఏ. దిగాడు. అంబులెన్సులు ఎక్కే వాలు మీద స్టేజీ కట్టించాడు, అక్కడైతే నీడగా ఉంటుందని. అంబులెన్సుల్ని వెనక గేటుకి పొమ్మన్నాడు. తర్వాత వరండాలోకి వచ్చి, ఇస్త్రీ ఆవిడ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్కసారి రిహార్సలు చూసుకుందాం. మంత్రిగారు మిమ్మల్ని 'సమ్మతిస్తున్నారా తల్లీ' అని అడుగుతారు. మీరేమంటారు?"

"సరేనంటాను."

"అక్కడే చిక్కొచ్చింది. అడగ్గానే సరే అంటే ఇంక మంత్రిగారు చేసేదేముంది? ముందు మీరు వద్దనాలి. ఆయన నచ్చజెబుతారు. అప్పుడు మీరు నెమ్మదిగా కరగాలి."

"నేను ముందే ఒప్పుకున్నాను కదయ్యా."

"అది ఇప్పుడు మర్చిపోండి."

డాక్టరమ్మ ఉండబట్టలేక కల్పించుకుంది. "వద్దన్న మనిషిని ఒత్తిడి చేసి ఒప్పించడం నేరమండీ. ఆ సమ్మతి చెల్లదు."

"ఒత్తిడి కాదు మేడమ్, కార్యక్రమం," అన్నాడు పి.ఏ.

ఇస్త్రీ ఆవిడ ఇద్దరి మొహాలూ చూసింది. "నేను వద్దంటే నిజంగానే వద్దనుకుని వదిలేస్తారేమోనయ్యా," అంది. ఆ వరండాలో ఆ భయం ఆవిడకొక్కదానికే ఉంది.

చెల్లెలికి ఆపరేషను గౌను తొడిగి, చక్రాల మంచం మీద పక్క వార్డు గుమ్మంలో పడుకోబెట్టారు. తినకుండా, తాగకుండా ఉంది. నేను మైకు పట్టుకుని హలో హలో అంటూంటే తలెత్తి చూసి నవ్వింది.

"అన్నయ్యా, మంత్రి బయల్దేరాడా?"

"బయల్దేరాడే."

"ఇక్కడికేనా?"

"అది చెప్పలేదు."

మంత్రిగారు దారిలో ఒక మంచినీళ్ల కుళాయిని, దాని ఎదురుగా ఉన్న ఇంకో కుళాయిని ప్రారంభిస్తున్నారని కబురొచ్చింది. ఒకటి ప్రారంభిస్తే రెండో వీధివాళ్లు నొచ్చుకుంటారట. అందరి మనసూ చూసుకునే మనిషి.

"ఆవిడకెవరైనా టీ ఇచ్చారా?" అంది చెల్లెలు.

"ఎవరికి?"

"ఆవిడకే. పొద్దుట్నుంచీ ఆ బల్ల మీదే ఉంది. ఇచ్చేవాళ్లనీ పుచ్చుకునేవాళ్లనీ కలపకూడదంటున్నారు. నువ్వు మైకు మనిషివే కదా, నువ్వెళ్తే తప్పులేదు."

టీ పట్టుకెళ్లాను. ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గాని తాగలేదు. "ఎవరికి పెడతారు బాబూ?" అనడిగింది. చెప్పకూడదని నాకు తెలుసు. "ఎవరో తెలీదమ్మా. స్కూలు వ్యాను నడుపుతుందట," అన్నాను. "పిల్లల్ని తీసుకెళ్లేదా," అని ఆవిడ తల ఊపింది. అప్పుడు టీ తాగింది. నేను తీగలు సర్దుతున్నట్టు కిందికి వంగి కళ్లు తుడుచుకున్నాను.

మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ వచ్చిపోతూనే ఉంది. మొదటిసారి, బి.పి. పడిపోతోందంది. తర్వాత, మందులు పెంచినా నిలబడటం లేదంది. చివరికి వచ్చినప్పుడు సూపరింటెండెంటు గది తలుపు కూడా తట్టలేదు.

"సార్, ఇప్పుడే థియేటర్లోకి తీసుకెళ్లాలి. గుండె ఏ క్షణాన ఆగిపోతుందో తెలీదు. మీరొక్క మాటంటే చాలు."

సూపరింటెండెంటు పి.ఏ.కి ఫోన్ చేశాడు. పి.ఏ. స్టేజీ దగ్గరే ఉన్నాడు కాబట్టి ఆ ఫోను మోగడం మాకందరికీ వినపడింది. అతను మంత్రిగారికి చేశాడు. మంత్రిగారు ఉపన్యాసంలో ఉన్నారు. ఉపన్యాసం మధ్యలో ఆయన్ని కదిలించినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

"గుండెని కాస్త ఆపుకోమను. వచ్చేస్తున్నారు," అన్నాడు పి.ఏ. కంగారులో అన్నాడు పాపం. కాస్త ఆగమనాలని అతని ఉద్దేశం.

గుండె అతని మాట విన్నది. ఆగిపోయింది.

డాక్టరమ్మ బయటికొచ్చి గోడకానుకుని నిలబడింది. మాస్కు తీయలేదు. ఇక కిడ్నీలు పనికిరావని నర్సు నాతో అంది. చెల్లెలికి మొహం చూపించలేక వార్డు వైపు పోలేదు. ఇస్త్రీ ఆవిడ భర్త దగ్గరికి వెళ్లి, దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేస్తూ నిలబడింది.

సరిగ్గా అప్పుడు మంత్రిగారు వేంచేశారు. పూలగుత్తులు, జిందాబాదులు. పి.ఏ. కారు దగ్గరికి పోయి చెవిలో ఏదో ఊదాడు. నేను మైకు సరిచేస్తూ పక్కనే ఉన్నాను.

"పోయాడా? ఎవరు?" అన్నారు మంత్రిగారు.

"దాత సార్."

"దాత పోవడమేమన్నా కొత్తా? పోకపోతే దానమెలా చేస్తాడు?"

"అదికాదు సార్. కిడ్నీలు కూడా పోయాయంటున్నారు."

మంత్రిగారు ఆలోచించారు. ఆయన ఆలోచించడం నేను చూడటం అదే మొదటిసారి. "మనం స్వీకరించేది సమ్మతి. అది ఉందా?"

"ఉంది సార్."

"అయితే ఏం పోయిందని ఏడుపు మొహాలు?"

సభ మొదలైంది. ఇస్త్రీ ఆవిడని స్టేజీ మీదికి నడిపించుకొచ్చారు. మంత్రిగారు రెండు చేతులూ జోడించి, ముందుకు వంగి, వణికే గొంతుతో అడిగారు: "తల్లీ, సమ్మతిస్తున్నావా?"

ఆవిడ మైకు దగ్గరికి వచ్చింది. పెదవి కదిపిందో లేదో చప్పట్ల బాబాయి రుమాలు లేచింది. నాలుగు మూలలా చప్పట్లు మిన్నంటాయి. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. ఆవిడేమందో అంత సభలో విన్నవాణ్ని నేనొక్కణ్నే, నా చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి గనక.

"పొద్దున్నే ఇచ్చానయ్యా. తీసుకోడానికి మీరు రాలేదు. ఇప్పుడాయన లేడు, ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నన్నింటికి పోనివ్వండి."

నేను వాల్యూము ఆఖరిదాకా తిప్పాను. చప్పట్లని దాటలేదు. నా బాక్సులు ఓడిపోవడం అదే మొదలు.

మంత్రిగారు కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు. "విన్నారా ప్రజలారా, ఆ తల్లి మనసు," అన్నారు. ఆ తర్వాత లబ్ధిదారుని పిలవమన్నారు. చెల్లెల్ని ఆపరేషను గౌనుతోనే చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. దానికప్పటికింకా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆపరేషనుకి ముందు ఇదొక తంతేమో అనుకుని, మంత్రిగారికి నమస్కారం పెట్టింది. ఆయన దాని చేతిలో మూత్రపిండం ఆకారంలో చేయించిన పెద్ద గాజు జ్ఞాపిక పెట్టారు. చూడటానికి జీడిపప్పులా ఉంది.

"ఈ సోదరికి ఈరోజు నా చేతులతో మూత్రపిండం అందజేశాను," అన్నారు మంత్రిగారు. రుమాలు లేచింది.

చెల్లెలు నావైపు చూసింది. నా మొహంలో దానికన్నీ కనపడ్డాయి కాబోలు, కిడ్నీ మాటెత్తలేదు. "ఆవిణ్ని ఎవరైనా ఇంటిదగ్గర దింపుతారా అన్నయ్యా?" అంది. మైకు వ్యానులో నేనే దింపాను.

మర్నాడు పేపర్లన్నిటిలోనూ ఫోటో వచ్చింది. చెల్లెలు యథాప్రకారం మిషను పక్కన పడుకోవడానికి ఆస్పత్రికి పోయింది. కౌంటరు గుమాస్తా కంప్యూటరు చూసి, "మీకు రక్తం కడగడం ఆపేశారండి. లిస్టులోంచి పేరు కూడా తీసేశారు," అన్నాడు.

"ఎందుకూ?"

"మీకు కిడ్నీ అందింది కదా. మంత్రిగారే అందజేశారని ఉంది."

"అది గాజుది బాబూ."

"దేంతో చేసిందో ఇందులో రాదండి. అందిందా లేదా అంతే వస్తుంది."

సూపరింటెండెంటు దగ్గరికి పోయాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, తలుపు వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. "అందలేదని రాస్తే మంత్రిగారు సభలో అబద్ధమాడినట్టవుతుంది. నా చేత అలా రాయిస్తావా చెప్పు. నాకు ఇద్దరు ఆడపిల్లలు." డాక్టరమ్మ మాత్రం, వరస ఉన్న రోగి ఎవరైనా రానప్పుడు ఆ ఖాళీలో చెల్లెల్ని దొంగచాటుగా మిషను పక్కన పడుకోబెడుతోంది. అందరూ వచ్చిన రోజున వెనక్కి పంపేస్తోంది, కళ్లలోకి చూడకుండా. చెల్లెలి కాళ్లు నీరు పట్టాయి. రాత్రిళ్లు పడుకోలేక కూర్చునే నిద్రపోతోంది.

ఇక లాభం లేదని పి.ఏ. కాళ్లమీద పడ్డాను. అతను నన్ను లేపి, భుజం తట్టాడు. మంచి మనిషి.

"దీనికి దారి లేకపోలేదు. అందుకున్న మూత్రపిండాన్ని మీ చెల్లెలు తిరిగి దానం చెయ్యాలి. అప్పుడు ఆమె దగ్గర లేనట్టు రికార్డవుతుంది. లిస్టులో మళ్లీ చివర్న చేరొచ్చు."

"ఆ గాజుముక్క ఇప్పుడే తెచ్చిచ్చేస్తానండి."

"తేవడం కాదయ్యా. దానమన్నాక సమ్మతి ఉండాలి."

"సమ్మతేనండి. ఫోన్లో చెప్పిస్తాను, వినండి."

"నేను వింటే చెల్లుతుందా? మంత్రిగారు వినాలి. ఆయనిప్పుడు విదేశాల్లో ఉన్నారు, మన సమ్మతి పద్ధతి వాళ్లకి నేర్పడానికి వెళ్లారు. రాగానే పెద్ద సభ పెడదాం. పుచ్చుకున్న సోదరే ఇస్తోందంటే ఎంత బాగుంటుంది. మైకు నీకే ఇప్పిస్తాను."

"ఎప్పుడొస్తారండీ?"

"వస్తారు."

"చెల్లెలు అందాకా ఉండేలా లేదండి," అన్నాను.

పి.ఏ. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"దానికి నువ్వు బెంగపెట్టుకోకు. ఆ పరిస్థితే వస్తే దగ్గరి బంధువు సమ్మతి చాలని చట్టంలోనే ఉంది. నువ్వెలాగూ మైకు దగ్గరే ఉంటావు కదా."